సేఫయ్య కట్టిన పచ్చకార్డు

మా మావయ్యకు ఇంగ్లీషులో రాయడం వచ్చిన మాట ఒకే ఒక్కటి. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి ఆయన. ఆ నాలుగక్షరాల మాట రాసుకుంటూనే ఇరవై రెండేళ్ళు ఇల్లు నడిపాడు.

ఫ్యాక్టరీలో పరంజాలు పరీక్షించడం ఆయన పని. ఎత్తున పనిచేసేవాళ్ళు నిలబడటానికి ఇనప గొట్టాలను క్లాంపులతో బిగించి, చెక్క పలకలు పరిచి అంతస్తులు అంతస్తులుగా కడతారు కదా, అవే పరంజాలు. కట్టేవాళ్ళు వేరు, ఎక్కేవాళ్ళు వేరు. వాళ్ళిద్దరికీ మధ్య నిలబడి ఇది ఎక్కొచ్చు, ఇది ఎక్కకూడదు అని తేల్చేది మావయ్య. ఎక్కొచ్చు అనిపిస్తే నిచ్చెన మొదట్లో పచ్చకార్డు కట్టేవాడు. దాని మీద ఇంగ్లీషులో ‘సేఫ్’ అని రాసి, తేదీ వేసి, కింద తెలుగులో సంతకం పెట్టేవాడు. కూడదనుకుంటే ఎర్రకార్డు. దాని మీద అడ్డగీత బొమ్మ అచ్చువేసే ఉంటుంది కాబట్టి వెనక తేదీ, సంతకం పెడితే చాలు.

మొదట్లో ఆయనా గొట్టాలు మోసినవాడే. మోకాలు దెబ్బతిన్నాక, ఈయన చెవి మంచిదని చెప్పి కాంట్రాక్టరు ఈ పనిలో పెట్టాడు. అవును, చెవే. పొద్దున్నే చేతిలో స్పానరు పట్టుకుని బయల్దేరి ఒక్కో గొట్టాన్నీ తట్టి వినేవాడు. బిగువుగా ఉన్న గొట్టం ఒకలా మోగుతుందట, వదులైనది ఇంకోలా. తర్వాత మడమతో పలకలు తొక్కి చూసేవాడు, రెయిలింగును రెండు చేతులా పట్టుకుని తలుపు ఊడబెరికేవాడిలా గుంజేవాడు. కింద నిలబడ్డ వెల్డర్లు, పెయింటర్లు నవ్వుతూ అరిచేవాళ్ళు.

“సేఫయ్యా, సేఫేనా?”

“సేఫే, ఎక్కండి.”

ఆ పేరు అలా పడిపోయింది. జీతం రోజున కాంట్రాక్టరు గుమాస్తా కూడా సేఫయ్య అనే పిలిచేవాడు. అసలు పేరు రేషన్ కార్డుకీ, మా అమ్మకీ తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

నేను ఆయన అక్క కూతుర్ని. తొమ్మిదేళ్ళప్పుడు చదువు కోసమని మా అమ్మ నన్ను తమ్ముడింట్లో దింపింది. చదువొక సాకు. అత్త ఇంట్లో ఒంటరిగా ఉండి మనిషి కాకుండా పోతోందని అమ్మ భయం. అత్తకు పిల్లల్లేరు. ఉండాల్సింది.

ఆ సంగతి అమ్మే నాకు చెప్పింది. అత్తను కాన్పుకు తీసుకెళ్ళిన రోజు మావయ్య ఆసుపత్రి వరండాలో పొద్దుణ్ణుంచీ నిలబడే ఉన్నాడు. చివరికి ఒక డాక్టరమ్మ తలుపు తీసి, “మదర్ సేఫ్” అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. తనకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట! మావయ్య ఆనందం పట్టలేక వరండాలో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ “సేఫంట, సేఫంట” అని చెప్పుకొచ్చాడు. పరుగున వెళ్ళి అమ్మకు ఫోను చేశాడు.

“ఏం పుట్టారా?” అని అడిగింది అమ్మ.

“అది అడగలేదక్కా. సేఫంట.”

అడగడానికి వెనక్కి వెళితే నర్సు ఆయన్ని పక్కకు పిలిచింది.

ఆ తర్వాత ఆ మాట ఎవరి నోట విన్నా మావయ్య ఊరుకునేవాడు కాదు. బస్సు బోల్తా పడిందంట, అందరూ సేఫంట అని పొరుగాయన అంటే, “అందరూ అంటే ఎవరెవరు?” అని నిలదీసేవాడు. కాలేజీ నుంచి సేఫ్‌గా వచ్చేశానని నేనంటే, “నువ్వొచ్చావు సరే, నీతో వెళ్ళిన ఆ పిల్ల?” అనేవాడు. నాకు చిరాకేసేది. ఆయనకు చాదస్తం అనుకునేదాన్ని.

ఫ్యాక్టరీలో ఆయనకు ప్రాణస్నేహితుడు ఒక పెయింటరు. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు కాబట్టి పొడుగు పెయింటరు అనేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేదుగాని ఇద్దరూ ‘బావా’ అంటే ‘బావా’ అనుకునేవాళ్ళు. పెయింటరు భార్య మావయ్యను ‘అన్నయ్యా’ అనేది, మా అత్తను ‘వదినా’ అనేది. నీకు నిచ్చెన దండగ కదా బావా, కింద నిలబడి చెయ్యి చాపితే రెండో అంతస్తు అందుతుంది అని మావయ్య ఏడిపించేవాడు. నీ చెవిలో స్పానరు పెట్టుకుని పడుకుంటావంటగా, మా చెల్లెమ్మ చెప్పింది అని ఆయన తిప్పికొట్టేవాడు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ మరమ్మతులకని పది రోజులు ఆపారు. ఆ పది రోజుల్లో ఒక పెద్ద ట్యాంకుకు బయట తుప్పు గీకి రంగు వెయ్యాలి. ట్యాంకు చుట్టూ నాలుగంతస్తుల పరంజా కట్టారు. ఆ పక్కనే అంతకుముందు పైపులైను కోసం తవ్వి పూడ్చిన కందకం ఉంది. రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. మూడో రోజు పొద్దున మావయ్య వెళ్ళి చూస్తే కందకం వైపు పరంజా కాళ్ళ కింద నేల పిండిముద్దలా ఉంది. గొట్టాలు తట్టాడు, బాగా మోగాయి. పలకలు తొక్కాడు, బాగున్నాయి. కిందికి దిగి బూటుతో నేల తొక్కితే నీళ్ళు పైకి ఉబికాయి. ఎర్రకార్డు కట్టేశాడు.

అరగంటలో షిఫ్ట్ ఇంజనీరు పిలిపించాడు. ఆయన గది గోడ మీద ‘ప్రమాదం లేని రోజులు’ అని పెద్ద బోర్డు ఉంటుంది. అంకె రోజూ మారుస్తారు. ఆ రోజు నాలుగువందల పన్నెండు.

“ఎర్రకార్డు ఎందుకు కట్టావ్?”

“నేల మెత్తబడింది సార్. అటువైపు కాళ్ళు దిగబడేలా ఉన్నాయి. ఒక్క రోజు ఆరనిచ్చి, కింద పలకలేసి...”

“ఒక్క రోజా? ఎల్లుండి ట్యాంకు నింపాలయ్యా. పైపులు బాగున్నాయా?”

“బాగున్నాయి సార్.”

“క్లాంపులు?”

“అవీ బాగున్నాయి. పైనంతా బాగుంది సార్, కిందే...”

“పైనంతా బాగుంటే ఇంకేంటి మరి? ఎప్పుడు చూసినా సేఫ్ సైడ్, సేఫ్ సైడ్ అంటావ్. అందరం సేఫ్ సైడే కూర్చుంటే పని చేసేదెవరు?”

ఇంజనీరు కాసేపు కాయితాలు తిరగేసి, ఈసారి గొంతు తగ్గించాడు. “వచ్చే నెల కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. ఎవరెవరు ఉండాలో నన్నే అడుగుతారు. నీ ఉద్యోగం సేఫ్‌గా ఉండాలనే నాకూ ఉంటుంది.”

చాలా రోజుల తర్వాత ఈ ముక్క నాకు చెబుతూ మావయ్య అన్నాడు. “ఆ మాటకు లొంగిపోయానే. ఉద్యోగం పోతుందని కాదు...” అని ఆగి, “అబద్ధమెందుకు, పోతుందనే” అన్నాడు.

పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక దారి వెతుక్కున్నాడు. అటువైపున్న నాలుగు కాళ్ళల్లో రెండింటి కింద మందపాటి పలకలు వేయించాడు. మిగతా రెండింటికి పలకలు దొరకలేదు, మధ్యాహ్నం తెప్పిస్తామన్నారు. అప్పటిదాకా ముగ్గురు మించి ఎక్కకూడదు, రెండో అంతస్తు దాటకూడదు, భోజనాలయ్యాక తాను మళ్ళీ చూడాలి అని ఇంజనీరుకు చెప్పాడు. సరే సరే అన్నాడాయన. పచ్చకార్డు మీద ఇవన్నీ రాసే చోటు లేదు. ఉన్నా ఆయనకు రాయడం రాదు. వచ్చిన నాలుగక్షరాలూ రాసి, సంతకం పెట్టి, ఎర్రకార్డు విప్పి ఇంజనీరు చేతికిచ్చేశాడు.

పొడుగు పెయింటరు అప్పటికే బెల్టు బిగించుకుని నిచ్చెన దగ్గర ఉన్నాడు.

“సేఫేనా బావా?”

“ముగ్గురే ఎక్కండి. రెండో దాని పైకి పోవద్దు. మధ్యాహ్నం నేనొచ్చి...”

“సేఫా కాదా చెప్పు బావా, పురాణం చెప్తావేంటి?”

మావయ్య కార్డు వైపు చూశాడట. “సేఫే” అన్నాడట.

భోజనాలయ్యాక మావయ్యను వేరే షెడ్డులో పనుందని పంపించారు. పని వెనకబడిందని ఇంజనీరు ఇంకో ఇద్దర్ని ట్యాంకు దగ్గరికి పంపాడు. రంగు డబ్బాలు నాలుగో అంతస్తు దాకా ఎక్కించారు. రెండున్నర ప్రాంతంలో పలక లేని కాలు ఒకటి జానెడు లోతుకు దిగబడింది. మావయ్య ఉన్న షెడ్డు అక్కడికి చాలా దూరం. అయినా ఇనుము మీద ఇనుము ఒరిగిన ఆ మోత ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మోకాలి నొప్పి సంగతే మరిచిపోయి పరుగెత్తాడు.

నలుగురు అటూ ఇటూ పట్టుకుని వేలాడి, గీరుకుపోయి, ఎలాగో బయటపడ్డారు. పొడుగు పెయింటరు మూడో అంతస్తు నుంచి పడ్డాడు. బెల్టు కొక్కెం రెయిలింగుకే ఉంది. రెయిలింగుతో పాటే మనిషీ కిందికొచ్చాడు. ఆ కొక్కేన్ని మావయ్యే తన చేత్తో విప్పాడు.

ఆసుపత్రికి మా అత్తతో పాటు నేనూ వెళ్ళాను. పెయింటరు భార్య గోడకానుకుని కింద కూర్చుని ఉంది. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, “పేషెంట్ సేఫ్” అన్నాడు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. వెళ్ళబోతున్న డాక్టరుకు మావయ్య అడ్డం నిలబడ్డాడు.

“సేఫంటే ఏంటి డాక్టరుగారూ?”

“చెప్పాను కదండీ, సేఫ్.”

“అదే, అంటే ఏంటో చెప్పండి.”

డాక్టరు ముందు విసుక్కున్నాడు. తర్వాత మావయ్య మొహం చూసి ఆగాడు. “ప్రాణభయం లేదు. వెన్నెముక బాగా దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. వస్తుందని నేను చెప్పలేను.”

పెయింటరు భార్య ఎత్తిన చేతులు ఇంకా దించలేదు. కాసేపటికి మావయ్య వైపు తిరిగింది.

“అన్నయ్యా, అది నువ్వు చూశావా?”

“చూశానమ్మా.”

“బాగుందన్నావా?”

“అన్నాను.”

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. అత్త పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే, మెల్లగా ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

మర్నాడు మేనేజరు గదిలోకి మావయ్యను పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అన్నేళ్ళలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదలు. మేనేజరు వెనకాల నడుమెత్తు ఇనప్పెట్టె ఉంది. దాన్నీ సేఫ్ అనే అంటారు వాళ్ళు. ఇంజనీరు అటు చూపించాడు.

“నీ పచ్చకార్డు సేఫ్‌లో పెట్టాం. ఎవరూ ముట్టుకోరు. నువ్వు పొద్దున చూశావు, పొద్దున బాగుంది. అతను బెల్టు తగిలించుకోకుండా మూడో దాని మీదికెక్కాడు, పడ్డాడు. ఇలా రాసిస్తే నువ్వు సేఫ్, నేను సేఫ్, కంపెనీ సేఫ్.”

“మరి వాడు?”

“అతనికి ఏదో ఒకటి చేస్తాంలే. కంపెనీకి మాత్రం మనసు లేదా?”

“బెల్టు తగిలించుకున్నాడు సార్.”

మేనేజరు మొదటిసారి నోరు విప్పాడు. “నువ్వు చూశావా అని ఎవరూ అడగలేదు” అన్నాడు.

పెయింటరుదే తప్పని తేలితే అతనికి పరిహారం రాదు. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

ఆ వారమంతా మావయ్య కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు కెలికి లేచిపోయేవాడు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తున్నాడని, ఎవరు చెప్పేది వాళ్ళు రాసివ్వాలని కబురొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మావయ్య నన్ను కాయితం, కలం తెమ్మన్నాడు.

అత్త వంటగది గుమ్మంలో నిలబడింది. “అందరి బరువూ నీ నెత్తికే ఎత్తుకోకు. ఆ ఇంజనీరుకు రేపు ఇంకో ఊరు, ఇంకో ఉద్యోగం. నీకేముంది?”

మావయ్య కాయితాన్ని నా ముందుకు జరిపాడు.

అత్త అడిగింది. “పెయింటరు అన్నయ్య బెల్టు నిజంగా పెట్టుకున్నాడా?”

“పెట్టుకున్నాడు. నేనే విప్పాను.”

అత్త కొంగుతో చేతులు తుడుచుకుని నా పక్కన వచ్చి కూర్చుంది. “రాయవే” అంది నాతో.

మావయ్య చెబుతుంటే రాశాను. వాన, కందకం, ఎర్రకార్డు, రెండు పలకలు, కొక్కెం. ఒక చోట ఆయన “అది బాగాలేదని నాకు తెలుసు” అన్నాడు. నేను ‘నాకు కొంత అనుమానం ఉంది’ అని రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

“అనుమానం కాదే. తెలుసు.”

“అలా రాస్తే నిన్నే పట్టుకుంటారు మావయ్యా.”

“పట్టుకోవాల్సినవాళ్ళల్లో నేనూ ఉన్నానుగా. కొట్టేసి రాయి.”

అత్తే నా చేతిలోంచి కలం తీసుకుని ‘అనుమానం’ మీద గీత కొట్టింది.

విచారణ రోజున ఇన్‌స్పెక్టరు ఆ ఇనప్పెట్టె తెరిపించాడు. పచ్చకార్డు కవరులో భద్రంగా ఉంది. ఎర్రకార్డు కూడా ఉండాలి సార్, వెనక నా సంతకం ఉంటుంది అని మావయ్య మొరపెట్టుకున్నాడు. పెట్టెంతా వెతికారు. అలాంటిదేదీ తనకు ఇవ్వలేదన్నాడు ఇంజనీరు. పలకలు వేసిన ఇద్దరు కూలీలు, వేశామనీ అనలేదు, వెయ్యలేదనీ అనలేదు. వాళ్ళకూ పిల్లలున్నారు. కొక్కెం రెయిలింగుకే ఉందని మాత్రం బయటపడ్డ నలుగురిలో ఇద్దరు ధైర్యం చేసి చెప్పారు.

దాంతో పెయింటరుది తప్పు కాదని తేలింది. పరిహారం వచ్చింది. ఆలస్యంగానే, అడిగినదానికంటే తక్కువే, కానీ వచ్చింది. తప్పు మరి ఎవరిది? కాయితం మీద ఉన్న సంతకం ఒక్కటే. బాగాలేదని తెలిసీ బాగుందని రాశానని ఆ సంతకం మనిషే ఒప్పుకున్నాడు. మావయ్యను పనిలోంచి తీసేశారు. కేసు మూడేళ్ళు నడిచింది. చివరికి శిక్ష జరిమానాతో పోయింది గాని, ఆ మూడేళ్ళూ ఆయన కోర్టు బెంచీల మీదే ముసలివాడైపోయాడు. ఇంజనీరును వేరే చోటికి మార్చారు. గోడ మీది బోర్డులో అంకె సున్నా నుంచి మళ్ళీ మొదలైందని ఎవరో చెప్పారు.

మావయ్య ఒక కలప డిపోలో కుదురుకున్నాడు. దుంగలు కొలిచి సుద్దతో గీతలు పెట్టే పని. వీధిలో పాత ఫ్యాక్టరీవాళ్ళు ఎదురైతే పలకరించేవాళ్ళు. ఏమని పిలవాలో తెలియక “ఏంటండీ, బాగున్నారా” అనేవాళ్ళు. పాత పేరుతో ఒక్కరూ పిలవలేదు.

ప్రతి ఆదివారం పెయింటరు ఇంటికి వెళ్ళేవాడు. ఆవిడ తలుపు తీసేది కాదు. గుమ్మం పక్కన కాసేపు నిలబడి తిరిగొచ్చేవాడు. ఎందుకు వెళ్ళడం, వాళ్ళనీ బాధపెట్టి నువ్వూ బాధపడటం తప్ప అని అత్త అంటే చెప్పులేసుకుని బయల్దేరేవాడు. అయిదు నెలలు అలా గడిచాయి. ఒక ఆదివారం తట్టకుండానే తలుపు తెరుచుకుంది. ఆవిడ చెమటతో తడిసి రొప్పుతోంది. పక్క గుడ్డలు మార్చడానికి అంత పొడుగు మనిషిని ఒక్కతే తిప్పలేక, సగంలో పట్టుజారి వదిలేసి వచ్చింది.

“ఒక చెయ్యి వేయండి” అంది. అన్నయ్యా అనలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు ఇద్దరూ కలిసి అతన్ని తిప్పి పడుకోబెట్టాక, పెయింటరు పైకప్పు వైపు చూస్తూ అన్నాడట. “నేనడిగినప్పుడు ఇంకోలా చెప్పుంటే దిగిపోయేవాణ్ణి బావా.”

“తెలుసు.”

దాని గురించి వాళ్ళు మాట్లాడుకున్నది అంతే. తర్వాతి ఆదివారం మావయ్య వెళ్ళేసరికి పెయింటరు ఎదుటి గోడ చూపించాడు. చెమ్మకు రంగు పొక్కులు లేచి, రేకులు రేకులుగా రాలుతోంది. “పొద్దస్తమానం నాకు అదే కనపడుతుంది. ముప్పై ఏళ్ళు రంగులేసినవాడి ఇంట్లో గోడ చూడు. చూడలేకపోతున్నాను” అన్నాడు.

మావయ్యకు బ్రష్షు పట్టడం రాదు. డిపో నుంచి చెక్కముక్క తెచ్చి గోడ గీకడం మొదలుపెట్టాడు. గీకడానికే రెండు ఆదివారాలు పట్టింది. రంగు వేసే రోజున రంగు డబ్బాలు, స్టూలు మొయ్యడానికి నన్నూ తోడు రమ్మన్నాడు. మంచం మీద ఆ మనిషి ఆరడుగుల ఒళ్ళు దుప్పటి కింద గడకర్రలా ఉంది. గొంతు మాత్రం పాతదే.

“బ్రష్షు అలా రుద్దుతావేంటి, అది గిన్నెలు తోమే పీచా? పైనుంచి కిందికి. ఒకే ఊపు. ఆగకు.”

“ఆగకపోతే కారిపోతోంది బావా.”

“రంగు ఎక్కువ ముంచావు. అంచుకు ఒత్తి తీయాలి. అదిగో చారలు. అయ్యో, అంతా చారలే. మళ్ళీ ఒకసారి వెయ్యి.”

మావయ్య స్టూలు మీద, బరువంతా మంచి కాలి మీద వేసి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. పెయింటరు భార్య లోపల్నుంచి వచ్చి ఒక కప్పు టీ కిటికీ అంచున పెట్టింది. గోడ వైపు చూడలేదు, మావయ్య వైపూ చూడలేదు. మొగుడి దిండు సర్ది, ఖాళీ రంగు డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. మావయ్య ఆ వరస పూర్తిచేసి దిగేసరికి టీ మీద మీగడ కట్టింది. వేలితో తీసి, నిలబడే తాగేసి, మళ్ళీ స్టూలెక్కాడు.